కొంచెం జరుగు

లేయోబెన్‌లో రాత్రి రెండున్నర.
మూర్ నది ఈసారి గడ్డకట్టలేదు గానీ
ల్యాబ్ కిటికీకి చెమట పట్టింది.
రోస్‌విథా కెర్ష్‌బామర్
గాలి తోడేసిన గదిలో వెండిని కాస్తోంది.

ఆవిరైన వెండి
పలచటి గాజురేకు మీద వాలింది,
ముందు దీవులు దీవులుగా,
ఒకదాని పొడ ఒకదానికి గిట్టనట్టు.
పెరిగి పెరిగి అంచులు తగిలాయో లేదో
పట్టుకుని గుంజుకున్నాయి.
రేకు గిన్నెలా ఒంగింది.
గోడ మీద రెండు లేజరు చుక్కలు
వెంట్రుకవాసి దగ్గరకొచ్చాయి.

ఇక్కడిదాకా ఆమెకు కొత్తేం లేదు.

తర్వాత వచ్చిన అణువులకు పైన నిలవ చోటు లేదు.
వెనకనుంచి తోపులాట.
రేణువుకీ రేణువుకీ నడుమ
ఎవరి వరసా ఎవరితో కలవని సరిహద్దొకటి ఉంటుంది,
ఆ సందులోకి జారాయి.
సూదిమొన దూరనంత సందు అందామంటే
సూదిమొన దాని ముందు ఏనుగు.
ఒకటి దూరింది. దాని వెనక ఇంకొకటి.
రేణువులు అటూ ఇటూ ఒత్తుకున్నాయి.
గిన్నె చదునై, మెల్లగా బోర్లించిన మూకుడైంది.
చుక్కలు ఎడమయ్యాయి.

అత్తగారి వంటింట్లో
గోడమూలకు బిగించిన చెక్కబల్ల గుర్తొచ్చింది.
ఐదుగురి బల్ల.
ఆదివారం తొమ్మిదో మనిషి వచ్చి నిలబడితే
మామగారు సూపులోంచి తలెత్తకుండానే
"కొంచెం జరుగు" అనేవాడు.
అందరూ జరిగేవాళ్ళు.
ఎవరూ కాదనలేదు, ఎవరి మోచెయ్యీ ఆడలేదు.
బల్ల మేకొకటి ఏటా కాస్త బయటికొచ్చేది.
ఆయన సుత్తి తెచ్చి కొట్టేవాడు.

రెండూ నలభైకి షట్టరు మూసింది.
వెండి రాక ఆగింది.
సందుల్లోని అణువులు కొన్ని, అన్నీ కాదు,
వచ్చిన దారినే పైకెక్కి
ఏ మెట్టు అంచునో సర్దుకున్నాయి.
తెర మీద గీత దిగింది,
మొదట గబగబా, ఆపైన మనసొప్పనట్టు.

ఫ్లాస్కు పట్టుకొచ్చిన ఎల్విర్ అడిగాడు:
"వాటిని బయటికి ఎవరు తోశారు?"
"ఎవరూ తోయలేదు. తోయడం మానేశాం."

నోటుబుక్కులో రాసింది:
ఒత్తిడి తగ్గింది. పూర్తిగా కాదు.
రెండో ముక్క కింద రెండు గీతలు.

షట్టరు మళ్ళీ తెరిచింది.
చుక్కలు కాసేపు తటపటాయించి
పాత దారే పట్టాయి.

ఎల్విర్ కూర్చోడానికి చోటు చూశాడు.
ఉన్నది ఒక్కటే స్టూలు, దాని మీద ఆమె.
జరగలేదు.
లేచి నిలబడి, కప్పు అందుకుంది.