పన్నెండు అంకణాలు

నెల్లూరులో జాగా అంకణాల్లో పుడుతుంది,
ఆఫీసుకి పోయేసరికి చదరపు మీటర్లవుతుంది.
మధ్యన లెక్క మార్చేవాణ్ణి నేను.
అంకణానికి డెబ్బై రెండడుగులు.
పొగతోటలో, జెరాక్సు షాపు మేడ మీద
ఇరవై రెండేళ్లుగా ఇతరుల ఇళ్లు గీస్తా ఉండా.

జిలానీ వచ్చింది బేస్తవారం.
సెంట్రింగ్ పని. చొక్కా జేబులో మేకులు,
ప్లాస్టిక్ కవర్లో దస్తావేజు, వెనక కరీమూన్.
అల్లీపురం దిక్కు, ఒకప్పుడు మొలగొలుకులు పండిన చేలో
పన్నెండు అంకణాలు.
"రెండు గదులు, వంటిల్లు, నా కుట్టుమిషనుకొక మూల.
కిటికీ తూరుపుకి పెట్టు సార్,
సూదిలో దారం కనపడాల."

గీశాను. మిషను మూల, ఆరడుగులకు ఏడు.
ఫైలు శుక్రవారమే ఎక్కాల్సింది.
సర్వరు తిరిగింది, తిరిగింది,
నేను విసుగుపడి టీకి దిగాను.

సోమవారం పొద్దున కొత్త ఉత్తర్వు:
ఇకమీదట ఛార్జీ కొన్ననాటి ధర మీద కాదు,
ఈనాటి ధర మీద.
వాక్యంలో ఒక్క మాట మారింది.
జిలానీ ఇంటికి అది స్లాబంత బరువు.

ఖాళీ స్థలం వదలని లేఔటు గనక
నూటికి పద్నాలుగు వంతు కట్టాలన్నాను.
అంటే మీ జాగాలో అంకణమున్నర పైచిలుకు విలువ,
పార్కు కోసం.
"ఆ పార్కు యాడుండాది సార్?"
ఎకసెక్కానికి అడగలేదు కరీమూన్.
పిల్లల్ని తీసకపోదామనే అడిగింది.

ఛార్జీయే తప్పని నేననను.
వేదాయపాళెంలో మా సందు
ఏ రసీదూ లేకుండా లేచిన సందే.
కార్తీకంలో వాయుగుండం పట్టినప్పుడు
ఇంటిల్లిపాదీ మంచాలెక్కి కూర్చుంటాం,
చెప్పులు గడప దాటి ఈదుకుంటా పోతాయి.
కాలవ ఊరకనే రాదు.
కానీ చేను అమ్మినాయన కట్టలా.
రాళ్లు పాతి ప్లాట్లు కోసినాయన కట్టలా.
బిల్లు ఊరంతా తిరిగి తిరిగి
కడాకు గడప నిలబెట్టేవాడి కాడ కూర్చుంది.

మినీ బైపాసు మీద అయిదంతస్తులు లేపే మాలకొండారెడ్డి
నా కుర్చీలోనే కూర్చుని నవ్వాడు.
"అడుక్కి నూటయాభై కలిపితే సరిపాయె."
మునుపొకసారి ఛార్జీలు తగ్గాయి గదా అన్నాను.
"తగ్గింది ఛార్జీ అబ్బయా, ఫ్లాటు గాదు."
నిజమే. ధర పైకి పోయేటప్పుడు
రెండేసి మెట్లు దూకుతుంది.
దిగమంటే
లిఫ్టు కోసం నిలబడి ఉంటుంది.

జిలానీ నా పెన్సిలు తీసుకుని
దస్తావేజు కవరు మీద లెక్కేశాడు.
రూపాయల్లో కాదు, రోజుల్లో.
"నూట పన్నెండు రోజుల కూలి.
వాన పడకుంటే."
వాడు ఊళ్లో ఎన్ని స్లాబుల కింద
కర్రలు నిలబెట్టాడో వాడికే తెలియదు.

"మిషను మూల తీసెయ్ సార్."
అన్నది జిలానీ కాదు.

తీసేశాను. రెండు నొక్కులు.
గోడ లోపలికి జరిగింది.
తూర్పు కిటికీకి
ఏ గదిలోనూ చోటు దొరకలేదు.

ఫైలు పాసయింది. మార్కింగు వేసే రోజు ఫోను:
"సార్, ఆ పాత ప్లాను కాపీ ఒకటి ఇస్తావా?"
ఎందుకయ్యా, అది చెల్లదు గదా.
"చెల్లదులే.
ఆ పక్క చువ్వలు ఎంత పొడుగు వదిలిపెట్టాల్నో
చూసుకుందామని."

కిందికి దిగి జెరాక్సు తీయించాను.
రెండు రూపాయలు నేనే ఇచ్చాను.
శుక్రవారం నాటి టీ సంగతి
వాడికి చెప్పలేదు.