రోల్ నంబరు

హెబ్డెన్ బ్రిడ్జిలో వాన పడని మంగళవారం
ఎప్పుడైనా ఒకటి వస్తే, ఆ రోజే వస్తుంది ఎనిడ్ క్రాబ్‌ట్రీ,
పాస్‌బుక్కుని రొట్టె చుట్టిన మైనం కాగితంలో పెట్టుకుని.

"మూడు వారాలైంది. పెన్షన్ పంపామంటారు వాళ్ళు.
రాలేదంటారు మీరు.
మరి మధ్యలో ఎవరున్నట్టు?"

గాజు కింది సందులోంచి ఫారం నకలు నా వైపు తోసింది.
ఆరు గళ్ళు, రెండేసి చొప్పున, సార్ట్ కోడ్.
పక్కనే ఎనిమిది గళ్ళు, ఖాతా నంబరు.
ఒక్క అంకె తప్పు పోలేదు.
కార్డురాయ్ మిల్లులో ముప్పై ఏళ్ళు
పోగు తెగకుండా చూసిన చెయ్యి అది.

"ఈ పద్నాలుగు అంకెలూ మీవి కావు, మిసెస్ క్రాబ్‌ట్రీ.
మా సొసైటీవి.
పెద్ద బ్యాంకులో మాకున్నది ఒక్కటే ఖాతా.
చేపల కొట్టు ఓల్డ్రాయిడ్‌కీ ఇవే,
చర్చిలో ఆర్గన్ వాయించే ఆయనకీ ఇవే, నాకూ ఇవే.
ఊరందరికీ ఒకటే వాకిలి.
లోపల మీ గది ఏదో చెప్పేది రోల్ నంబరు.
అది రాయలేదు మీరు."

"రాయడానికి గడి ఏది?"

నిజమే, లేదు.
అట్టడుగున 'రిఫరెన్స్' అని ఉంటుంది,
ఎవరూ పట్టించుకోని గీత ఒకటి.
ఆ గీత మీద ఆవిడ
'థాంక్యూ' అని రాసింది.

వెతికాను. ఎవరిదో తెలియని డబ్బుకి
మా దగ్గర వేరే పద్దు ఉంటుంది.
బడి వదిలాక ఎవరూ తీసుకెళ్ళని పిల్లల్లా
కూర్చుని ఉంటాయి ఆ మొత్తాలు.
నూట పన్నెండు పౌన్లు, నలభై పెన్నీలు,
ఎదురుగా: థాంక్యూ.

పాస్‌బుక్ విప్పింది. పందొమ్మిది వందల అరవై ఒకటి.
రెండు పేర్లు, ఒకటి కొట్టేసి ఉంది.
నంబరు మాత్రం అలాగే ఉంది:
నాలుగు, నాలుగు, ఒకటి, ఏడు, ఒక అడ్డగీత,
చివర్న హెచ్.

"హెచ్ అంటే మా హెడ్లీ," అంది. "ఎంత మర్యాద మీ వాళ్ళది."

అంకెల్ని ఒక్కోదాన్నీ ఒక్కో బరువుతో హెచ్చవేసి,
కూడి, భాగిస్తే మిగిలిన శేషం ఆ అక్షరం.
అంకె తారుమారైతే పట్టిచ్చేందుకు.
ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నేర్పారు నాకు.

నోరు తెరిచాను.
కొత్త ఫారం అందించాను.

అడుగు గీత మీద నెమ్మదిగా రాసుకుంటూ వెళ్ళి
హెచ్ దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగింది.
వెనక వరసలో ఎవరో దగ్గారు.