మూడో నంబరు తెర

ఆట అయినంక ఊడ్వాలె గదా, అందుకే నిలవడ్డ.
మనామాల మా హాలుకు ఏడు తెరలు.
పెద్ద హీరో బొమ్మ వడ్డ రాత్రి
సీట్ల కింద మక్కప్యాలాలు మడిమెలు మునుగుతయ్,
చీపురుకు ఊపిరాడది.
మూడో తెరల ఆ సోమవారం
నలుగురే మనుషులు. అండ్ల ఒకాయన నిద్రల ఉన్నడు.

ఆ సినిమా పేరు సుత తెల్వది నాకు.
టికెట్ల కాడి మారిసెల్ చెప్పింది గని నాలుకకు తిరగలే.
వాళ్ల మాట నాకు రాదు.
కింద వడ్డ అరబ్బీ అక్షరాలు
చీమల బారు లెక్క పొయినయ్.

ఇద్దరన్నదమ్ములు. చలి దేశం.
బోర్ల వెట్టిన పడవ.
పాత రంగు గీకుతరు, గీకుతరు,
ఒకని మొకం ఒకడు చూడడు.
పాట లేదు. ఎనుక వాయిద్యం లేదు.
గీకుడు చప్పుడే. నడుమ నడుమ గాలి.
ఇద్దరికి ఎందుకు చెడిందో ఆ సినిమా చెప్పలే.
చెప్పకపోతెనే నాకు సమజైంది.

ఒకపారి తమ్ముని అరచేతుల పేడు దిగింది.
అన్న వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నడు.
కండ్లద్దాలు నొసటి మీదికి నూకి
సూదితోని మెల్లగ తీసిండు.
తీసిన పేడు పారెయ్యలే,
జేబుల ఏసుకున్నడు.
మళ్ల గీకుడు వెట్టిండ్రు.
గంతే. లైట్లు వెలిగినయ్.

చీపురు వట్టుకొని అట్లనే ఉన్న.
కింద ఊడ్వనీకి ఏం లేదు,
ఒక్క బస్సు టికెట్ ముక్క తప్ప.

మంగళవారం వొయిన. బుధవారం వొయిన.
డ్యూటీ అని చెప్పి గోడకు ఆనుకొని చూసిన.
బేస్తారం కొత్త బొమ్మ దిగింది.
దాని పోస్టర్ ఎవలు చింపలే,
అతికిస్తే గదా చింపుడు.

మా రూముల గంగారాంది నా మీది మంచం.
ఎనిమిది నెలలాయె మాటల్లేక,
ఇరవై దినార్లు, ఒక తిట్టు కాడ.
ఒక్క కుక్కర్ల వండుకుంటం,
దినాం మొకాలు చెరో దిక్కు వెట్టి తింటం.

ఆ రాత్రి మంచం పలకను చూస్కుంట
ఎవలికో చెప్పినట్టు చెప్పిన:
ఇట్ల ఒక సినిమా. ఇట్ల ఇద్దరు. పడవ.
పేడు దిగింది. తీసిండు.
ఏసీ మొత్తుకుంటున్నది.
మీది మంచం కిర్రుమనలే.
పండుకున్నడనుకొని లైటు బందు చేసిన.

శానాసేపటికి, చీకట్ల,
మీదికెళ్లి అడిగిండు:
"ఏ చెయ్యి?"