నలభై దగ్గర

ఏడు గంటలు కోశారు సర్జన్లు.
పేగుల మడతల్లోంచి, కాలేయం అంచు నుంచి
బియ్యంలో మెరిగల్లా ఏరి ఏరి
స్టీలు పళ్లెంలో వేశారు.
అవి కంటికి దొరికినవి.
దొరకనివాటి కోసం నన్ను పిలిచారు.

నాది మిషను పక్కన స్టూలు.
సిస్‌ప్లాటిన్ కలిపిన నీళ్లు కాచి
ఆమె కడుపులోకి వదలాలి,
చల్లారినవి లాగి, కాచి, మళ్లీ వదలాలి.
తొంభై నిమిషాలు.
పసిబిడ్డ స్నానానికి మోచేయి ముంచి చూస్తారే,
ఆ పనే.
నా మోచేయి ఒక ఎర్ర అంకె.

లోపల నలభై.
తల చుట్టూ ఐసు సంచులు.
కిడ్నీలు దెబ్బతినకుండా నరంలోకి వేరే మందు.
కుర్ర డాక్టరు రెండు అరచేతులతో
పొట్టను అటూ ఇటూ కదుపుతున్నాడు,
తలుపు అవతల ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా.
మందు ప్రతి మూలకీ వెళ్లాలి గదా.

తొమ్మిదో రోజు వార్డుకి వెళ్లాను.
మామూలుగా వెళ్లను.
ఆరియాంచె కళ్లజోడు వెతుక్కుని నన్ను చూసింది.
"మీరేనా పొయ్యి దగ్గర కూర్చుంది?
ఎంతకు పెట్టారు?"
నలభై, అన్నాను.

కుట్లు పట్టుకుని నవ్వింది.
"ముప్పై ఏళ్లు బుంగమిరప పండించాం, నాల్డ్‌వైక్‌లో, గాజు కింద.
ముప్పై ఐదు దాటితే పూత నిలవదు.
చెట్టుకేం కాదు. పూతే.
ఓ జులైలో మోటారు కాలిపోయి
పైకిటికీలు తెరుచుకోలేదు.
సాయంత్రానికి సాళ్ల నిండా తెల్లగా.
మా ఖేర్ట్ చీపురు పట్టుకుని
ఊడవకుండా అలాగే నిలబడ్డాడు."

ఎన్నాళ్లు అని అడుగుతుందనుకున్నాను.
కొందరికి కొన్ని నెలలు ఎక్కువ దొరికాయని
కాగితాల్లో ఉంది.
ఆ కొందరు ఎవరో లేదు.

"అలారం మోగిందా?" అంది.
ఒక్కసారి. నలభై ఒకటి దగ్గర.
"ఏం చేశారు?"
తగ్గించాను.
"తొందరపడ్డారేమో.
నేనైతే ఓ నిమిషం చూసేదాన్ని."

ఆ రాత్రి రోటర్‌డామ్ నుంచి ఇంటికెళ్తుంటే
పడమటి మబ్బుల కింద నారింజ వెలుగు,
మైళ్ల పొడవునా గాజుతోటల దీపాలు.
జనవరి.
కారులో హీటరు పాడైంది.
వేళ్లు చంకలో పెట్టుకుని
ఒంటిచేత్తో నడిపాను.