తూకం ఎవరినీ అడగదు

పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదట,
పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదట.
గూడూరు నిమ్మకాయల మార్కెట్ పైన
రెండో అంతస్తు గదిలో
రాత్రి ఒంటిగంటకి
నా స్క్రీన్ మీద ఆ సామెతే తెల్లగా వెలుగుతోంది.

తెల్ల పేజీ. ఇంకేమీ లేదు.
రైతు ఫైలు లెక్క ఫైలుని పిలిచింది.
లెక్క వెళ్ళి రేటుని పిలిచింది.
రేటు వెనక్కి తిరిగి
'ముందు రైతెవరో చెప్తేగా' అంది.
రైతు ఇంకా పుట్టనే లేదు.
మొదటి గీత మీదే నిలబడి
లెక్క కోసం ఎదురుచూస్తున్నాడు.
ఎర్రక్షరాల్లో ఒకే మాట: అన్‌డిఫైన్డ్.
అంటే పేరుంది, మనిషి లేడు.

రైతు ఫైలు నాది.
రేటు ఫైలు దస్తగిరిది.
ఉగాది ముందు మాటా మాటా పెరిగింది.
అప్పట్నుంచీ రివ్యూలోనే మా పలకరింపులు.
'మీ వైపు తీసేయండి' అని నేను,
'మీరు తీస్తే నేనూ తీస్తానండి' అని అతను.
ఈ 'అండి' ఎప్పుడొచ్చి చేరిందో గుర్తులేదు.

మొదట చేసింది దొంగపనే.
ఇంపోర్ట్ గీతని పైనుంచి పీకి
ఫంక్షన్ కడుపులో దాచాను,
అవసరమైనప్పుడే పిలుచుకోమని.
పేజీ తెరుచుకుంది.
కారే చూరు కింద గిన్నె పెట్టి
ఇల్లు బాగుచేశానని చెప్పుకున్నట్టుంది.

నాలుగింటికి కింద ఆటోల చప్పుడు.
టీకని దిగితే
కాటా దగ్గర చెంచురామయ్య,
చెవులకి మఫ్లర్, చేతిలో సగం విరిగిన పెన్సిలు,
బస్తా పెట్టించి అంకె అరుస్తున్నాడు.
'ఎవరి సరుకు? ఎవరు కొంటున్నారు?' అన్నాను.
'నాకెందుకుమే?
కాటాకి పేరు చెప్తే బరువు మారిద్దా ఏంది?
ముందు తూకం పడనీ.
పేర్లు వాళ్ళే రాసుకుంటారు.'

గ్లాసు గట్టు మీదే వదిలేసి పైకొచ్చాను.
రైతులోంచి కిలోలు తీశాను,
రేటులోంచి కాయ సైజు తీశాను.
రెంటినీ తూకం అనే చిన్న ఫైల్లో పెట్టాను.
ముప్పై ఒక్క గీతలు.
అది ఎవరినీ పిలవదు.
పిలిస్తే పలుకుతుంది, అంతే.
రైతుకీ రేటుకీ ఇక
ఒకరి గడప ఒకరు తొక్కే పని లేదు.

బిల్డ్ నడిచింది.
పసుపు హెచ్చరికలు ఇంకా పదకొండున్నాయి,
అవి రేపటివి.

మార్పు పంపేముందు
చూడాల్సినవాళ్ళ చోట దస్తగిరి పేరు పెట్టి
వివరం రాయబోయి ఆగాను.
ఏం రాసినా నా వైపు, మీ వైపు అయ్యేట్టుంది.
కింద పాట మొదలైంది,
తొమ్మిదొందలు, తొమ్మిదొందల యాభై...
చివరికి ఇంతే రాశాను:
'కాటా దగ్గర టీ పరవాలేదు. ఆరుదాకా ఉంటా.'

అండి పెట్టలేదు.