పదిహేడూ!

మలక్‌పేట పండ్ల దవాఖానకు
టోకెన్లు పిలిచే ప్రోగ్రాం రాసిన.
గొంతు మాత్రం రజియాబీది.
పన్నెండేండ్లు నంబర్లు అరిచి అరిచి
బొంగురుపోయిన గొంతు.

నా రూంల నడిపితే "పదిహేడూ!" అని
గోడ మీది బల్లి సుత తలతిప్పింది.
కంపైల్ చేసి, పెన్‌డ్రైవ్‌ల ఏసుకపోయి
వాళ్ల కంప్యూటర్ల తెరిస్తే
కిటికీ వచ్చింది, బటన్ మెరిసింది,
నొక్కితే లోపలికి దిగి పైకి లేచింది.
సప్పుడు లేదు.

స్పీకర్ వైరు పీకి పెట్టిన.
మ్యూట్ చూసిన. డ్రైవర్ మార్చిన.
దవడ పట్టుకున్న పెద్దాయన
"పన్ను పీకుడే అల్కగున్నది బిడ్డా" అన్నడు.

రాత్రి మూసారాంబాగ్ చౌరస్తాల
చాయ్ సల్లారుతుంటే తట్టింది:
ప్రోగ్రాంల నేను రాసిన అడ్రసు
నా డెస్క్‌టాప్‌ది, నా పేరు పెట్టుకున్న ఫోల్డర్‌ది.
పాపం, అది ఆడికి పోయి
లేని ఇంటి తలుపు కొడుతున్నది.
దొరకలేదని చెప్పనన్నా చెప్పదు,
మొహమాటం.

తెల్లారి ఆ చిన్న ఫైలును
ప్రోగ్రాం పక్కనే కూసోబెట్టిన.

"పదిహేడూ!"

చేతిల చీటీలు జారవిడిచి
"యా అల్లా, గింత గట్టిగ అరుస్తనా నేను?"
అన్నది రజియాబీ.

ఎవరూ చూస్తలేరనుకొని
ఇంకోసారి నొక్కింది.