ఆరు ముక్కలు

కంగారూ వ్యాలీలో కంగారూ ఒక్కటీ కనబడలేదు.
ఉన్న కంగారంతా మా డేరాలోనే.
రాత్రి రెండింటికి
గుంజకి ఎవరో వీపు గోక్కుంటున్న చప్పుడు.
టార్చి వేశాను.
వాంబ్యాట్.
బియ్యం బస్తాకి నాలుగు కాళ్లు కుట్టి
ముక్కు సంగతి ఆఖర్న గుర్తొచ్చినట్టుంది.
అద్దె బాకీ పడ్డదాన్ని చూసినట్టు
నన్నోసారి చూసి
పరపరా గడ్డి కొరుక్కోవడంలో పడింది.

పొద్దున్నే
మా చెప్పుల పక్కన రాయి మీద,
అంచులు తీరి, పలకలు తేలి,
ఆరు ముక్కలు.
"దాని పేడే," అంది పక్క డేరా గ్లెనిస్,
కాఫీ ఊదుకుంటూ.
"దొర్లిపోదు చూడు. అదే దాని ఇంటి నంబరు."

ఫొటో తీసి,
ఒక్క మాటా రాయకుండా,
తణుకులో మాణిక్యాంబత్తకి పంపాను.
గంటకి జవాబు:
"మైసూరుపాకు ముక్క భలే తెగిందే!
నెయ్యి దగ్గరే పిసినారితనం చేశావు."

ఏం చెప్పను?
పొయ్యి ముట్టించడం రాదని
ఇరవయ్యేళ్లుగా నా మీదున్న ముద్ర
ఇవాళే చెరిగింది.
చెప్పలేదు.

ఆ రాత్రి మళ్లీ పరపర.
డేరా జిప్పు జానెడు తీసి
గుసగుసగా అన్నాను:
"నెయ్యి తగ్గిందట."